రాజ్యం నోరు

మల్లవరప్పేట దిగువ వీధిలో రాజ్యం నోటికి జడవని మనిషి లేడు. కూరగాయల బండివాడు ఆమె గుమ్మం దగ్గరికి రాగానే తక్కెడ తనే ఒకసారి సరిచూసుకునేవాడు. మీటరు చూడ్డానికొచ్చే ఉద్యోగి చెప్పులు వీధిలోనే విడిచి లోపలికొచ్చేవాడు. ఆ వీధిలో ఎవరింట్లోనైనా పెళ్ళిచూపులంటే, పిల్ల తల్లి ముందురోజే వచ్చి "రాజ్యమ్మొదినా, రేపొక్కపూట కాస్త గొంతు తగ్గించు తల్లీ" అని బతిమాలుకుని పోయేది. అలాంటి రాజ్యం నోరు మూతపడింది. మూయించింది పగవాళ్ళు కాదు, ఒక్క కడుపున పుట్టిన చెల్లెలు నీలవేణి. పైగా అక్కకి మంచి చేశాననుకుంది, అదీ చోద్యం.

నీలవేణి కూడా ఆ ఊరి నేతింటి పిల్లే. చదువుకుని హైదరాబాదులో ఒక కంపెనీ ప్రయోగశాలలో నరాల శాస్త్రవేత్త అయింది. శ్రావణంలో వరదొస్తే, కార్తీకంలో ఆమె కంపెనీ కారులో మళ్ళీ ఊళ్ళో దిగింది. డ్రైవరు చూసుకోక, రాజ్యం గుమ్మం ముందు ఆరేసిన నూలు చిలపల మీదికి, వరదలో మిగిలిన నాలుగు నూలు కట్టల మీదికి, చక్రం ఎక్కించేశాడు. ఇంకేముంది, అయిపోయాం అనుకుంటూ నీలవేణి కారు తలుపు తీసింది. చిన్నప్పుడు ఒక్క చిలప తొక్కినందుకు ఇదే అక్క చింతబరికె పుచ్చుకుని తనని వీధి చివరిదాకా తరిమింది మరి.

రాజ్యం బయటికొచ్చింది. చిలప ఎత్తి దులిపింది. దాని మీద పడ్డ నల్లటి టైరు చారని చూసింది.

"పర్లేదులేవే, ఉతికితే పోతుంది. ప్రయాణం బాగా జరిగిందా?" అంది.

అంతే. డ్రైవర్ని ఒక్క మాట అనలేదు. వాడి తాతముత్తాతల ఊసే ఎత్తలేదు. పెదాల మీద చిన్న నవ్వు, ఫొటోకి నిలబడితే పెట్టుకుంటామే, అలాంటి నవ్వు. నీలవేణికి గుండె దడదడలాడింది. ఎడమ మణికట్టు దగ్గర చీమ కుట్టినట్టు 'చిటుక్'మంది. దడ తగ్గిపోయింది. పోన్లే, అక్క కుదుటపడింది, అంతకంటే ఏం కావాలి అనుకుని లోపలికి నడిచింది.

ఆ చిటుక్కే ఆమె కనిపెట్టిన వస్తువు. బూడిదరంగు రబ్బరు పట్టీ, దాని లోపలి వైపు రూపాయి బిళ్ళంత ఉక్కు బిళ్ళ. పేరు 'నిమ్మళం'. గుండె వేగం పెరిగినా, అరచేయి చెమర్చినా, ఊపిరి ఎగదన్నినా ఆ బిళ్ళకి తెలిసిపోతుంది. వెంటనే మణికట్టు నరాన్ని ఒక్క గిల్లు గిల్లుతుంది. ఆ నరం వెళ్ళి మెదడుకి చెబుతుంది, మెదడు గుండెకి చెబుతుంది, అరనిమిషంలో మనిషి నిమ్మకు నీరెత్తినట్టు అయిపోతాడు. ఆసుపత్రి అత్యవసర వార్డుల్లో భయంతో ప్రాణవాయువు గొట్టాలు పీకేసుకునే రోగుల కోసం చేసిందామె దాన్ని. మంచి బుద్ధితోనే చేసింది. మొదటి పట్టీ తన చేతికే కట్టుకుంది, మూడేళ్ళుగా తియ్యలేదు.

ఆ శ్రావణంలో వాగు కరకట్ట తెగింది. దిగువ వీధిలో నేతగాళ్ళవన్నీ గుంట మగ్గాలు. నేలలో నడుములోతు గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూచుని నేస్తారు. నీళ్ళు ముందు ఆ గుంటల్లోకే దిగాయి. రాజ్యం వీధి మధ్యన నిలబడి గొంతు చించుకుని అరిచి, ముసలాళ్ళనీ చంటివాళ్ళనీ ఇళ్ళల్లోంచి తరిమి తరిమి మెరక మీదికి ఎక్కించింది. ఆమె మొగుడు సాంబశివం మాత్రం వెనక్కి పోయాడు. మగ్గం మీద ఐదు చీరలకి చాలే పడుగు, నిలువు పోగుల చుట్ట, ఉంది, రెండున్నర నేశాడు, మిగతాది బురదపాలు అవుతుందని. పడుగు చుట్టని అటక మీదికి చేర్చాడు. తను మాత్రం బయటికి రాలేదు.

మూడోనాడు, బడిలో పెట్టిన సహాయ శిబిరానికి నీలవేణి పరిగెత్తుకొచ్చేసరికి రాజ్యం నోరు తెరుచుకుని ఉంది, అందులోంచి శబ్దం రావట్లేదు. తల గోడకేసి కొట్టుకుంటోంది. నలుగురు పట్టుకున్నా ఆగట్లేదు. నీలవేణి చూడలేకపోయింది. సంచీలోంచి పట్టీ తీసి అక్క చేతికి కట్టేసింది. చిటుక్. రాజ్యం తల కొట్టుకోవడం ఆపి, "కాసిన్ని మంచినీళ్ళు ఇస్తావా?" అంది.

తోడబుట్టిన చెల్లెలు కాబట్టి కట్టింది. ఆ పూటకి ఎవరైనా అదే చేస్తారు, కాదనను. కానీ ఆ రాత్రికే ఆమె డైరెక్టరుకి ఫోను చేసి "మా ఊరివాళ్ళకి ముందు ఇవ్వండి సార్" అని అడిగింది చూడండి, అక్కడొచ్చింది తంటా. డైరెక్టరు ఉమాపతి అడక్కుండానే వడ్డించే రకం. వారం తిరక్కుండా దిగువ వీధి, పై వీధి కలిపి ఆరువందల చేతులకి ఆరువందల పట్టీలు పడ్డాయి.

ఇప్పుడు నీలవేణి వచ్చింది దాని ఫలితాల మీద సంతకం పెట్టడానికి.

మధ్యాహ్నం ట్రావెలర్స్ బంగళాలో సమావేశం. ఒకవైపు ఉమాపతి, ఎదురుగా వరద పనులు చూసే ప్రత్యేకాధికారి. గోడ మీద ఒక బొమ్మ వేసి చూపించాడు ఉమాపతి. పట్టీలు కట్టకముందు సోమవారం అర్జీల రోజున కరకట్ట గండి గురించి ఈ రెండు వీధులనుంచి వచ్చిన అర్జీలు రెండువందల పన్నెండు. పట్టీలు కట్టిన నెలకి పద్దెనిమిది. పోయిన నెల ఒక్కటీ లేదు.

"అద్భుతం!" అన్నాడు అధికారి. "గండి పూడ్చే పని ఈ యేటికి పక్కన పెట్టొచ్చు. జనమే అడగట్లేదు కదా. ముందు జిల్లా అంతా ఈ పట్టీలు పంచుదాం."

వినండి, ఎంత చల్లగా అన్నాడో! గండి అలాగే ఉంది. గండి గురించి అరిచే నోళ్ళు లేవు, కాబట్టి గండి లేదట. ఇల్లు కాలుతుంటే ఇంట్లోవాళ్ళకి మత్తుమందు పెట్టి, ఎవరూ కేకెయ్యలేదు గనక మంటే లేదన్నట్టు!

నీలవేణికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. చిటుక్. ఏదో అడగబోయింది. చిటుక్. "పై వీధి పట్టీలు చూశారా సార్? రోజుకి రెండుసార్లు కూడా గిల్లట్లేదు. బ్యాటరీలు నిండుగా ఉన్నాయి. దిగువ వీధివి రోజుకి నాలుగువందలసార్లు గిల్లుతున్నాయి," అంది నెమ్మదిగా.

"అంటే పై వీధిలో ఇంకా బాగా పనిచేసిందన్నమాట!"

"గిల్లకుండా ఎలా పనిచేస్తుంది సార్?"

"సగటు కట్టెయ్యమ్మా. సగటులో అన్నీ కలిసిపోతాయి," అన్నాడు ఉమాపతి కలం అందిస్తూ.

చిటుక్. నీలవేణి సంతకం పెట్టేసింది.

అయినా శాస్త్రవేత్త బుద్ధి ఊరుకోదు కదా. మర్నాడు పొద్దున్నే, ఆ రెండు గిల్లుళ్ళ సంగతేమిటో చూద్దామని పై వీధికి వెళ్ళింది. మెరక మీద ఉండబట్టి ఆ వీధి మగ్గాలు సగం బతికాయి. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తెల్లటి పడుగు చాపి ఉంది, నడుములోతున, వెదురు కర్రల మీద. నేయబోయే నూలుకి గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, పోగుకి పోగు అంటుకోకుండా ఆరబెట్టాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పడుగుకి అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబడి, ఒకే అడుగు వేస్తూ, ఒకే ఊపున కుంచె లాగుతూ నడవాలి. ఇవాళ నీ పడుగుకి నేను, రేపు నా పడుగుకి నువ్వు. తాతలనాటి నుంచీ అంతే.

పదిహేనుమంది ఉన్నారక్కడ. ఒకటే గోల. ఒకడు పాట ఎత్తుకుంటాడు, ఇంకొకడు వాడి గొంతుని వెక్కిరిస్తాడు. ఇద్దరాడవాళ్ళు పడుగుకి అటూ ఇటూ నిలబడి, చేతులు ఆపకుండా, కుళాయి దగ్గర బిందె విషయమై తిట్టుకుంటున్నారు. అందరిలోకీ పెద్దదైన భ్రమరమ్మ గంజి గంగాళం దగ్గర నిలబడి అజమాయిషీ చేస్తోంది. డెబ్భై ఏళ్ళు దాటాయి, నడుం వంగలేదు.

"ఎవరూ, రాజ్యం చెల్లెలివా? నిలబడి చూస్తావేమ్మా, తమాషానా? మా సుందరమ్మకి ఎదురు నిలబడే మనిషి రాలేదు. జొరం వచ్చి పడుకున్నాడు. కుంచె పట్టు!"

నీలవేణి కొంగు దోపి చెయ్యి చాచింది. భ్రమరమ్మ ఆ చేతి మీద ఠపీమని ఒక్కటిచ్చింది.

"గాజులేవిటే? ఆ వాచీ ఏమిటి? ఆ పట్టీ ఏమిటి? నేతింట పుట్టి ఇదైనా తెలియదా? ఒంటి మీద గాజు ఉంచుకుని పడుగు ముట్టుకుంటే పోగు తెగదూ! తీసి ఆ మేకుకి తగిలించు!"

వీధి మొదట్లో వేపకొయ్య స్తంభం ఉంది. దానికి వరసగా మేకులు. మేకులకి గాజులు, వాచీలు, తాయెత్తులు, వాటి మధ్యన పది పన్నెండు బూడిదరంగు పట్టీలు వేలాడుతున్నాయి. మూడు నెలలుగా ఈ వీధి వాళ్ళు పట్టీలు కట్టుకుంటున్నారు నిజమే, కానీ పొద్దున్నే తీసి మేకుకి తగిలిస్తున్నారు. పని అయ్యాక, బుద్ధి పుడితే కట్టుకుంటున్నారు. అప్పటికి మనసు కుదుటపడే ఉంటోంది, పట్టీకి గిల్లే పనే ఉండట్లేదు. తన కంపెనీలో ఇంతమంది పెద్ద చదువులవాళ్ళకి ఈ చిన్న సంగతి తోచలేదు. ఎలా తోస్తుంది, వాళ్ళలో ఒక్కడైనా పడుగు ముట్టుకుంటే కదా!

మూడేళ్ళ తరవాత మొదటిసారి ఆమె మణికట్టు బోసిపోయింది.

మొదటి పావుగంట నరకం. గుండె ఉరకలు వేసింది, కళ్ళముందు బావ ముఖం కనబడింది. బావ పోయాక తను కూడా ఏడవలేదని అప్పుడు గుర్తొచ్చింది. కుంచె పక్కకి పోయింది. ఎదురుగా ఉన్న సుందరమ్మ "అమ్మాయ్, నా కుంచె చూడు, నన్ను చూడు. నేను లాగినప్పుడు నువ్వూ లాగు," అంది. లాగింది. అడుగు వేసింది. మళ్ళీ లాగింది. గంజి వాసన, తడినూలు చల్లదనం, ఎదుటి మనిషి ఊపిరి చప్పుడు. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి గుండె తనంతట తానే దారికొచ్చింది. ఎవరూ గిల్లలేదు.

"రోజూ ఇంతమంది వస్తారా పెద్దమ్మా?" అనడిగింది.

"రాక చస్తారా? రానివాడికి ఎదురు మనిషి ఆగిపోతాడు కదమ్మా. ఎవడైనా రాలేదంటే ముందు వాడింటికి పోతాం. వాడు ఏడుస్తూ కూచుంటే కూచోనిస్తాం కాసేపు. తరవాత కుంచె చేతికిస్తాం. వరదలో నా కోడలు పోయిందే నీలా. నేను ఇంట్లో కూచుంటే పిచ్చెక్కి చచ్చేదాన్ని. వీళ్ళని తిట్టుకుంటూ బతికిపోయాను."

"మరి దిగువ వీధివాళ్ళు?"

"వాళ్ళకి మగ్గాలు పోయాయిగా, పడుగు లేదు. రండర్రా మా పడుగులకి అని నాలుగుసార్లు పిలిచాం. 'పర్లేదులే పిన్నీ' అంటారు. ఏమడిగినా పర్లేదే. వాళ్ళ నోట్లో ఆ మాట ఎవడు పోశాడో గానీ!"

నీలవేణి తల వంచుకుంది. సిగ్గు నిలువెల్లా పాకింది. దాని వెనకాలే ఇంకొకటి వచ్చింది. నిన్న ఆ అధికారి అన్న మాట, ఉమాపతి 'సగటు' అన్న మాట, తను పెట్టిన సంతకం, ఒక్కొక్కటే పైకొచ్చాయి. ఈసారి చిటుక్ లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఒళ్ళంతా మండిపోయింది. మూడేళ్ళుగా తను ఎన్నిచోట్ల 'సరే సార్' అందో, ఎన్ని కాగితాల మీద చెయ్యి ఆడించిందో అన్నీ గుర్తొచ్చాయి. నిన్న ఈ మంట ఏమైంది? ఏమైందో ఆమెకి తప్ప ఇంకెవరికి తెలుసు!

గంజి చేతులతోనే ఫోను తీసి ఉమాపతికి కలిపింది.

"నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. దిగువ వీధి పట్టీలన్నీ ఇవాళే తీయించాలి."

"ఏమైంది నీలవేణీ, ఆవేశపడుతున్నావు? పట్టీ పెట్టుకున్నావా?"

"లేదు! లేదు కాబట్టే మాట్లాడగలుగుతున్నాను! వాళ్ళ బాధ పోలేదండీ, బాధ చెప్పుకునే నోరు పోయింది. అడిగితే పూడ్చాల్సిన గండి, అడగలేదని వదిలేస్తున్నారు. మనం చేసింది వైద్యం కాదు!"

"చూడమ్మా, ప్రశాంతంగా ఉండే హక్కు వాళ్ళకి ఉంది," అన్నాడు ఉమాపతి, తేనె పూసినట్టు. "సంతకం ఒకసారి పెట్టాక పెట్టినట్టే."

ప్రశాంతంగా ఉండే హక్కట! మునిగిపోకుండా ఉండే హక్కు ముందు ఇవ్వరా నాయనా, ప్రశాంతత సంగతి మేం చూసుకుంటాం.

నీలవేణి తిన్నగా అక్క ఇంటికి వెళ్ళింది. రాజ్యం మంచం మీద కూచుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మంచం కింద గోనెపట్టాలో చుట్టిన పడుగు, సాంబశివం అటక ఎక్కించిందే. ఎలుకలు గోనె కొరికేసి ఉన్నాయి. అది కూడా పర్లేదు కాబోలు.

"అక్కా, చెయ్యి ఇలా ఇవ్వు. పట్టీ తీసేస్తాను."

రాజ్యం చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుంది. "వద్దే."

"దీనివల్ల నువ్వు నువ్వులా లేవక్కా."

"తెలుసు," అంది రాజ్యం ఆ ఫొటో నవ్వుతోనే. "ఇది తీస్తే ఆయన పోయాడని తెలుస్తుందే నీలా. ఇప్పుడు కూడా తెలుసు, కానీ ఎవరింట్లోనో పోయినట్టు తెలుసు. ఉండనీ."

లాక్కుని తీసెయ్యొచ్చు. ఆ చెయ్యి తనది కాదు. అడక్కుండా కట్టిన తప్పు ఒకటి చాలు, అడక్కుండా పీకే తప్పు రెండోది చెయ్యలేకపోయింది. అక్క పక్కన కూచుని కాసేపు బియ్యం ఏరి, కళ్ళు తుడుచుకుంటూ లేచి వచ్చేసింది.

మర్నాడు కూడా ఆమె పై వీధిలో కుంచె పట్టింది. ఎండ చక్కగా కాస్తోంది. ఎగువన మాత్రం వాయుగుండం, రెండు రోజులుగా కుండపోత. పదకొండు గంటలప్పుడు పడుగు సగం ఆరింది. కరకట్ట వైపు మేకలు తోలుకెళ్ళిన మనిషి "గండి! గండిలోంచి నీళ్ళు!" అని అరుచుకుంటూ వచ్చాడు.

భ్రమరమ్మ ఒక్క క్షణం పడుగు వంక చూసింది. గంజి పెట్టిన పడుగుని మధ్యలో వదిలేస్తే అది ఇంక పనికి రాదు. ఆ వీధిలో చావు కబురు వచ్చినా పడుగు ఎత్తాకే కదిలేవాళ్ళు.

"వదిలెయ్యండి!" అని అరిచింది. "దిగువ వీధికి పదండి!"

పదిహేను జతల బోసి చేతులు పరిగెత్తాయి.

దిగువ వీధిలో నీలవేణి చూసిన దృశ్యం పగవాళ్ళకి కూడా వద్దు. మోకాలిలోతు బురదనీళ్ళు వీధంతా పారుతున్నాయి. అరుగుల మీద జనం కూచుని ఉన్నారు, కాళ్ళు నీళ్ళల్లో వేలాడేసుకుని. ఒకామె ఒళ్ళో చంటిపిల్ల. ఒకాయన కొట్టుకుపోతున్న తన చెప్పుల్ని చూస్తూ నవ్వుతున్నాడు. కేక లేదు, ఏడుపు లేదు. "లేవండి, మెరక మీదికి పదండి!" అని నీలవేణి అరిస్తే, "పర్లేదమ్మా, తగ్గుద్దిలే," అన్నారు. వీధి మొత్తం మీద చిటుక్ చిటుక్ చిటుక్. అది తన చేతిపనే.

అక్క ఇంట్లోకి దూకింది. రాజ్యం మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూచుంది. నీళ్ళు మంచం పట్టెల్ని తాకుతున్నాయి. గోనె చుట్ట మంచం కిందనుంచి తేలి, గుమ్మం వైపు పోతోంది.

"నీలా, మీ బావ పడుగు పోతోందే," అంది రాజ్యం, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయన్నంత మామూలుగా.

"అక్కా, అడుగుతున్నాను. తియ్యనా?"

రాజ్యం గోనె చుట్టని చూసింది. అది గడపకి తగిలి ఒక్క క్షణం ఆగింది. ఆ నవ్వు అలాగే ఉంది, కానీ చెయ్యి ముందుకొచ్చింది. ఆ చెయ్యి ఎలా వచ్చిందో, దానికి ఏ నరం కబురు పంపిందో ఈరోజుకీ నీలవేణికి తెలియదు. పట్టీ కొక్కెం తడిసి ఊడకపోతే పళ్ళతో కొరికి తెంపింది.

అరనిమిషం. నవ్వు కరిగిపోయింది. రాజ్యం కళ్ళు నీళ్ళని చూశాయి, గుంట మగ్గాన్ని చూశాయి, పడుగుని చూశాయి. ఒక్క గంతులో మంచం దిగి పడుగు చుట్టని కావలించుకుంది. తరవాత నోరు తెరిచింది. శిబిరంలో తెరుచుకున్నప్పుడు అందులోంచి శబ్దం రాలేదు. ఇప్పుడొచ్చింది.

"ఒసేయ్ మంగా! ఒళ్ళో పిల్లనెట్టుకుని ఏం చూస్తున్నావే, సినిమానా? లే! ఒరే సత్తిగా, నీ చెప్పులు కాదురా పోయేది, నువ్వు పోతావు, లేరా దున్నపోతా! ఎవడ్రా కరకట్ట వదిలేసింది! మీ చేతులకున్న ఆ దరిద్రాన్ని పీకి అవతల పారెయ్యండి! లేవండ్రా!"

మూడు నెలలు దాచిపెట్టిన గొంతు అది. వీధి ఆ చివర పెంకులు కదిలాయంటే నమ్మండి. చిన్నప్పటినుంచీ ఆ గొంతుకి భయపడ్డ కాళ్ళు, పట్టీలు వద్దన్నా లేచాయి. పై వీధివాళ్ళు ఒక్కొక్కళ్ళనీ అడిగి, అరిచి పట్టీలు తీస్తూ, చేతులు పట్టుకుని మెరక మీదికి ఎక్కించారు. తీసినవాళ్ళు తీసినట్టే గొల్లుమన్నారు. ఆ ఏడుపులు వింటుంటే నీలవేణికి ప్రాణం లేచొచ్చింది.

అందరూ దక్కారు, ఒక్కరు తప్ప. వీరభద్రం తాత తన గుంట మగ్గం దగ్గర, ఎప్పుడూ కూచునే చోటే కూచుని ఉన్నాడు. కాళ్ళు గుంటలోనే ఉన్నాయి. నీళ్ళు మెడ దాటినా ఆయన లేవలేదు. ముఖం ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతతని చూసి భ్రమరమ్మ కాండ్రించి ఉమ్మేసింది.

"పరికరానికీ ఈ మరణానికీ సంబంధం ఉందని రుజువు లేదు," అని ఉమాపతి ఆ సాయంత్రమే ప్రకటన ఇచ్చాడు. రుజువు నీలవేణి దగ్గర ఉంది. తాత పట్టీలోని లెక్క విప్పి చూసింది. ఆఖరి గంటలో వెయ్యిన్నూట నలభైసార్లు గిల్లింది అది. ఆయన గుండె వెయ్యిన్నూట నలభైసార్లు లేవమని చెప్పింది.

అధికారుల కోసం ఎదురుచూడలేదు ఎవరూ. మరుసటి మూడు రోజులూ రెండు వీధులూ కలిసి గండి దగ్గర నిలబడ్డాయి. ఇసక బస్తాలు అందుకోవడానికి వరస కట్టారు, పడుగుకి నిలబడ్డట్టే ఎదురెదురుగా, ఒకే ఊపున. మధ్యలో రాజ్యం తిట్లు. బస్తా జార్చినవాడికి ఒక వరస, నీళ్ళు తాగడానికి ఆగినవాడికి ఇంకో వరస. సత్తి అయితే "అమ్మయ్య, మా వదిన బాగుపడింది" అని అందరితోనూ చెప్పుకున్నాడు. భుజాలు పుండ్లయ్యాయి, అయినా మూడు నెలల్లో మొదటిసారి ఆ వీధివాళ్ళు పడుకోగానే నిద్రపోయారు.

సోమవారం అర్జీల రోజున ఐదువందల తొంభైతొమ్మిది మంది ప్రత్యేకాధికారి గదికి వెళ్ళారు. కాగితాలు పట్టుకెళ్ళలేదు. నూలు బుట్టలో పట్టీలు పోసుకెళ్ళి ఆయన బల్ల మీద గుమ్మరించారు. ఆరువందోది నీలవేణి విడిగా తెచ్చి, పైన పెట్టింది.

"ఇది వీరభద్రం తాతది," అంది. "జనం అడగట్లేదన్నారు కదండీ. ఇందులో వెయ్యిన్నూట నలభై అర్జీలున్నాయి, లెక్కపెట్టుకోండి. నా సంతకం తప్పు. ఆ సంగతి పత్రికలవాళ్ళకి కూడా రాసిచ్చి వచ్చాను."

అధికారి చెమట తుడుచుకున్నాడు. "ముందు మీరంతా కాస్త శాంతంగా ఉండండి," అన్నాడు.

ఆ మాట ఎవరి ముందు అన్నాడో చూసుకోవద్దూ! రాజ్యం ముందుకొచ్చింది. తరవాత అరగంట ఆ గదిలో ఏం జరిగిందో రాయడానికి నాకు సభ్యత అడ్డొస్తోంది. జిల్లా అంతా పట్టీలు పంచే పని ఆగిపోయింది, గండికి రాతి కట్టడం ఆ వారమే మొదలైంది. నీలవేణి ఉద్యోగం కూడా ఆ వారమే పోయింది. ఆమె దాని గురించి ఒక్కపూట బాధపడింది, బోసి చేత్తోనే.

ఇంకొక్క పని మిగిలిపోయింది. సాంబశివం పడుగు. బురదలో నానింది, ఎలుకలు కొరికాయి, సగం పోగులు చిక్కుపడ్డాయి. అది పనికిరాదని ఎవరూ అనలేదు. భ్రమరమ్మ దాన్ని ఏడు నీళ్ళల్లో ఉతికించింది. తెగిన పోగులు పై వీధి ఆడవాళ్ళు రెండు రోజులు కూచుని ఒక్కొక్కటే అతికారు. తమ పడుగు ఒకటి ఆ రోజున ఎండలో పాడైపోయిందన్న మాట ఎవరి నోటా రాలేదు. మూడోనాడు పొద్దున్న, పై వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఆ రెండున్నర చీరల పడుగు చాపారు.

రాజ్యం వచ్చింది. గాజులు తీసి మేకుకి తగిలించింది. కుంచె పుచ్చుకుంది. ఎదురుగా నీలవేణి నిలబడింది.

నాలుగడుగులు వేశారు. ఐదో అడుగులో, పడుగు అంచున ఒక చోట సాంబశివం వేసిన ముడి కనబడింది. ఆయన ముడి వేరుగా ఉంటుంది, ఎడమచేతివాటం మనిషి. రాజ్యం కుంచె ఆగింది. గంజి చుక్కలు కింద పడుతున్నాయి.

"నీలా," అంది. "ఆయన పోయాడే."

"అవునక్కా."

"మూడు నెలలైందే. నేను ఒక్క రోజు ఏడవలేదే. ఊరంతా ఏడిస్తే నేను నవ్వుకుంటూ కూచున్నానే. నువ్వు కట్టావే నాకది, నువ్వు!"

"నేనే కట్టానక్కా. తప్పు చేశాను."

రాజ్యం ఏడ్చింది. పమిట అడ్డం పెట్టుకోలేదు. వీధి వీధంతా వినబడేలా, సాంబశివాన్ని పేరు పెట్టి పిలుస్తూ, ఎందుకు వెనక్కి పోయావని తిడుతూ, చెల్లెల్ని తిడుతూ ఏడ్చింది. ఊరుకో అని ఎవరూ అనలేదు. పక్కన సుందరమ్మ కూడా కళ్ళు తుడుచుకోకుండానే కుంచె లాగుతోంది. గంజి ఆరిపోతే పోగులు అంటుకుపోతాయి, అందుకని ఎవరి చేతులూ ఆగలేదు. కాసేపటికి రాజ్యం చేతులు కూడా కదిలాయి, ఏడుస్తూనే.

నీలవేణికి కళ్ళు కనబడక కుంచె ఒక్కసారి అడ్డంగా పోయింది. ఒక పోగు తెగింది.

"ఒసేయ్ గుడ్డిదానా!" అని అరిచింది రాజ్యం, ఏడుపు మధ్యలోంచే. "మీ బావ పడుగే అది! ఇంత చదువు చదివావు, కుంచె పట్టుకోవడం రాదూ? నా వంక చూడు. నేను లాగినప్పుడు లాగు!"

నీలవేణి అక్క వంక చూసింది. అక్క లాగినప్పుడు లాగింది.